లైసెన్స్ తిరిగి ఇచ్చిన వేటగాడు

మా ఎదురు ఫ్లాట్ చాచా పోయారని చాచీ ఫోన్ చేసినప్పుడు నేను ఫ్యాక్టరీ గేటు దగ్గర బస్సు దిగుతున్నాను. "బేటీ, మీ చాచా లేస్తలేరు. నమాజుకు లేపుదామని పోయిన. లేస్తలేరు" అన్నారు.  ఉదయం షిఫ్టుకు వెళ్ళేవాళ్ళు నన్ను తప్పించుకుంటూ లోపలికి పోయారు. నేను రోడ్డు దాటి తిరుగు బస్సు ఎక్కాను.

ఆయన నాకు బంధువు కాదు. మాది ఒంగోలు, ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో ఒకే మెట్ల మీద మా తలుపులు ఎదురెదురుగా ఉండేవి, అంతే. ఆయన ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో అచ్చుల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. నేను అదే కార్లలో వేసే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షిస్తాను. ఊళ్ళోని తెలుగు కుటుంబాలకు ఆయన కోళ్ళ చాచా. ఊరి చివర గార్డెన్ కాలనీలో చిన్న తోట అద్దెకు తీసుకుని, సంఘం వాళ్ళను ఒప్పించి కోళ్ళు పెంచేవారు. ఆయన వేట సంగతి పూర్తిగా కొద్దిమందికే తెలుసు. దాని గురించే నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను.

నేను వచ్చిన మొదటి ఏడాది ఆయనతో "సలాం చాచా" అనడం తప్ప ఏమీ మాట్లాడలేదు. మాట్లాడటం నాకు మొదటినుంచీ కష్టం. ఒక శనివారం తలుపు చప్పుడైతే తీశాను. చేతిలో ఇటుకంత పుస్తకంతో నిలబడి ఉన్నారు.

"ఎప్పుడు చూసినా నీ చేతుల బుక్కే ఉంటది బేటీ. ఇది జర నాకు చదివి చెప్తవా?"

"జర్మన్ మీకు బాగా వచ్చు కదా చాచా."

"మాట్లాడనీకి వస్తది. ఫోర్‌మన్‌తోని కొట్లాడనీకి ఇంకా మంచిగొస్తది. చదువుడే రాదు."

అది వేట లైసెన్స్ పరీక్ష పుస్తకం. నేను పేజీలు తిప్పి ఆయన ముఖం చూశాను.

"దేన్ని వేటాడతారు?"

"నక్కను. నా కోళ్ళన్నిటిని తిన్నది. ఒక్కటి మిగిలింది. అది గూడ ఇప్పుడు గుడ్డు పెడ్తలేదు, భయానికి."

ఇక్కడి నక్క మన పొలాల వెంట ఊళలు వేసేది కాదు. ఎర్రటి బొచ్చు, కుచ్చు తోక, పిల్లిలా చప్పుడు లేని నడక. అది ఎటునుంచి దూరిందో, కంచెను ఎక్కడ తవ్విందో ఆయన చేతులతో చూపించారు. కోపంగా చెప్పడం మొదలుపెట్టి, చివరికి వచ్చేసరికి దాని తెలివిని మెచ్చుకున్నారు.

అలా ప్రతి శనివారం వాళ్ళింట్లో పాఠం. చాచీ చాయ్, ఆవిడ ఓవెన్‌లో కాల్చిన ఉప్పు బిస్కట్లు. కాన్వెంట్‌లో సిస్టర్ ముందు నిలబడి చదివినట్టు నేను ఒక్కొక్క వాక్యం గట్టిగా చదివి తెలుగులో చెప్పేదాన్ని. దుప్పి వయసు పళ్ళను బట్టి ఎలా చెప్పాలి, ఏ చెట్టు బెరడును ఏ జంతువు గీరుతుంది, నక్క నుంచి మనిషికి వచ్చే బద్దెపురుగు ఎంత ప్రమాదం, కుక్కల జాతులు, తుపాకుల చట్టం. ఆఫీసు మీటింగుల్లో లేవని నా గొంతు ఆ వంటగదిలో లేచేది. తుపాకీ ఎప్పుడొస్తుందని నేనే అడిగేదాన్ని. "తుపాకీ ఆఖరి పేజీ బేటీ" అనేవారు. "ఏం కాల్చొద్దో ముందు నేర్పుతరు. కాల్చేది ఏముంది, వేలు మడిస్తే అయిపాయె."

అమెరికాలో ఉన్న ఆయన తమ్ముడి కొడుకు ఒకసారి వీడియో కాల్‌లో కొయోటీ ఫోటో చూపించాడు. నక్క కన్నా పెద్దది, తోడేలు కన్నా చిన్నది.

"బడే అబ్బా, లైసెన్స్ దుకాణంలనే దొరికింది. శాం కల్లా వేటకు పోయినం."

"మాకు ఈడ శాం కాదు బేటా, సాల్ పడ్తది" అన్నారు చాచా. ఒక్క సాయంత్రం కాదు, ఏడాది పడుతుందన్న ఆ మాటలో ఫిర్యాదు లేదు. గర్వం ఉంది.

కొన్ని వారాలకు ఆయనే అన్నారు. "చదివేది నువ్వు, పరీక్ష నాకా? ఇదేం ఇన్సాఫ్? నువ్వు గూడ పేరియ్యి." నేను నవ్వి ఊరుకున్నాను. తర్వాత ఇచ్చాను. అమ్మకు ఫోన్‌లో చెబితే "వేటా? నువ్వా? బల్లిని చూస్తే మంచమెక్కే దానివి! ఇంకెవరికీ చెప్పమాక" అంది.

తరగతులు పక్క పల్లెలో ఒక హోటల్ వెనక గదిలో జరిగేవి. చెప్పేది రిటైరైన అటవీ అధికారి. చాచా మొదటి వరస, నేను ఆఖరి వరస. భూముల పాఠం రోజున చాచా చెయ్యి ఎత్తారు.

"లైసెన్స్ వచ్చాక నా తోటలోకి వచ్చే నక్కను నేను కాల్చవచ్చా?"

"కాల్చకూడదు."

"తోట నాది."

"మీరు అద్దెకు తీసుకున్నదే."

"కోళ్ళు నావి."

"నిస్సందేహంగా."

"నక్క?"

"నక్క ఎవరిదీ కాదు" అన్నాడాయన. "ఇళ్ళు, తోటలు ఉన్నచోట చట్టం వేటను ఆపేసింది. అక్కడ ఏదైనా చేయాలంటే జిల్లా వేట ఆఫీసు ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలి. మీ లైసెన్స్ మీ తోట గేటు బయటే ఆగిపోతుంది."

గది అంతా నవ్వింది. తిరుగు బస్సులో చాచా కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.  రెండు స్టాపులు దాటాక ఆయన భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు. "ఎవని మీద కసితోని చదువుతున్ననో, ఆని మీదనే చెల్లదంట! చాచీకి చెప్పకు. చెప్పినవంటే ఈ ఏడాదంతా నాకు ఇదే కూర."

ఇంక మానేస్తారనుకున్నాను. తర్వాతి శనివారం పుస్తకంతో మళ్ళీ వచ్చారు.

"మరి కోళ్ళు?"

"కోళ్ళకు కంచె గట్టిగ కడ్తా. జాలీ భూమిల పాతిపెడ్తా. అది వేరే, ఇది వేరే."

ఆ వేరే ఏమిటో తర్వాత ఒక రోజు ఆయనే చెప్పారు. అప్పుడు మేం ప్రాక్టికల్ పాఠానికి పొలాల్లోకి వెళ్ళి వస్తున్నాం. "ఇన్నేండ్ల సంది ఈ దేశంల ఉన్న. ఎవరింటికి పోయినా, ఏ దావత్‌ల కూసున్నా, మొదటి మాట ఒక్కటే. నువ్వు యాడికెళ్ళి వచ్చినవ్? ఆళ్ళ తప్పు కాదు, అడుగుతరు. ఇయ్యాల ఆ పెద్దమ్మ నన్ను ఏమడిగిందో విన్నవా? గాలి యాడికెళ్ళి వస్తున్నదని అడిగింది."

ఆ పెద్దమ్మ చుట్టుపక్కల పొలాల మీద వేట హక్కును కౌలుకు తీసుకున్న రైతు. చక్కెర దుంపలు పండిస్తుంది. తక్కువ మాట్లాడుతుంది. చాచా ఎండుగడ్డి పరక వదిలి గాలి చూపిస్తే తల ఊపింది. అదే వాళ్ళ పరిచయం.

పరీక్షలో మూడు భాగాలు. కాల్చడంలో నాకు గురి కుదరలేదు. "ఊపిరి అంత ఇడువకు, సగం దాచుకో" అని వెనకనుంచి తెలుగులో చెప్పారు. పర్యవేక్షకుడు వారించాడు, కానీ అప్పటికే గురి కుదిరింది. శనివారాల్లో నా పక్కన కూర్చుని చదవడం కూడా పట్టుకున్న ఆయన రాత పరీక్ష రెండోసారికి దాటారు. మౌఖికంలో నేను మాట్లాడాను, నమ్మండి. నక్క జబ్బుల గురించి ఆపకుండా మాట్లాడితే ఎదుటివాళ్ళే చాలన్నారు.

ఇక్కడ వేట మొదలుపెట్టాలనుకుని ఎవరైనా మనవాళ్ళు అడిగితే చాచా ఓపికగా కూర్చోబెట్టి చెప్పేవారు. పరీక్ష పాసైతే పని అయిపోయినట్టు కాదు. ఇన్సూరెన్స్ చూపించాలి. జిల్లా వేట ఆఫీసు వాళ్ళు పోలీసు రికార్డులు చూసి, నమ్మదగిన మనిషివని తేల్చుకున్నాకే యాగ్డ్‌షైన్, అంటే వేట లైసెన్స్, చేతికిస్తారు. అది కొన్నేళ్ళకే, మళ్ళీ పొడిగించుకోవాలి. దేశంలో ఐదేళ్ళు వరసగా ఉండకపోతే తుపాకీ అనుమతి ఆపవచ్చు, అందుకని కొత్తగా వచ్చిన పిల్లలు తొందరపడకూడదు. తుపాకీ ఇనప పెట్టెలోనే ఉండాలి, దాని నంబరు ఇంట్లో భార్యకు కూడా తెలియకూడదు. ("ఇన్నేండ్ల సంసారంల నాకు తెల్వని తాళం ఇదొక్కటే" అని చాచీ వచ్చిన వాళ్ళందరికీ ఆ పెట్టె చూపించేవారు.) ఏ జంతువును ఎప్పుడు వేటాడవచ్చో రాష్ట్రానికో తీరు; పక్క రాష్ట్రంలో నడిచింది ఇక్కడ నడవదు. ఇవన్నీ అయ్యాక కూడా, ఆ నేల మీద వేట హక్కు ఉన్నవాళ్ళు రమ్మంటేనే వెళ్ళాలి. "యాగ్డ్‌షైన్ అంటే తాళంచెవి కాదు. తలుపు కొట్టనీకి పర్మిషన్" అనేవారు.

పెద్దమ్మ తలుపు తీసింది. రాతపూర్వకంగా ఇద్దరికీ అనుమతి ఇచ్చింది. శీతాకాలంలో అందరూ కలిసి వేటాడే రోజు, చివర్లో పంది మాంసపు సాసేజీలు వేసిన బఠాణీ సూప్ పెద్ద కుండలో కాస్తారు. మొదటి ఏడాది చాచా రొట్టె మాత్రం తిన్నారు. రెండో ఏడాది పెద్ద కుండ పక్కన మాంసం లేని చిన్న కుండ ఒకటి ఉంది. 

ఇన్నేళ్ళలో చాచా ఒక్క నక్కను కూడా కాల్చలేదు. మంచె మీద ఆయన పక్కన కూర్చున్న సాయంత్రాలు నాకు బాగా గుర్తు. ఫ్లాస్కు మూత తిప్పడానికి కూడా గాలి కోసం ఆగేవారు. చెట్లు కదిలినప్పుడు తిప్పితే చప్పుడు కలిసిపోతుందని. ఒక వేసవి సాయంత్రం దుంపల చేను అంచున నక్క వచ్చింది. వసంతంలో నక్కల వేటకు ఉండే నిషేధ కాలం అప్పుడే ముగిసింది. కాల్చడానికి కాగితం మీద అడ్డేమీ లేదు. చాచా తుపాకీ ఎత్తి దుర్భిణిలోంచి చాలాసేపు చూశారు. తర్వాత దించేశారు.

"ఏమైంది చాచా?" అన్నాను గుసగుసగా.

"పొట్ట కింద చూడు. పాలున్నయ్. పిల్లలు ఇంకా దాని మీదనే బతుకుతున్నయ్."

వేట కాలం తెరిచి ఉన్నా, పిల్లలను సాకుతున్న తల్లినీ తండ్రినీ కాల్చకూడదన్నది చట్టం. ఆ వాక్యం ఆయనకు చదివి వినిపించింది నేనే. నాకది వాక్యమే. నక్క ఎలుకను పట్టి, ఇంకొక దాన్ని పట్టి, రెండింటినీ నోట కరుచుకుని పొదల్లోకి పోయింది.

"కానూన్ ఉన్నందుకు మంచిగైంది బేటీ" అన్నారు దిగేటప్పుడు. "లేకపోతే నా కోళ్ళు యాదికొస్తుండె."

తోటి వేటగాళ్ళు ఆటపట్టించేవారు. "నీ తుపాకీని మ్యూజియానికి ఇచ్చెయ్, కొత్తదానిలా ఉంది" అని ఒక ముసలాయన ప్రతి ఏడూ అనేవాడు. "నా పేరు విని నక్కలన్నీ పక్క జిల్లాకు పోయాయి, నేనేం చేయను?" అని చాచా ప్రతి ఏడూ అనేవారు. ఇద్దరూ ప్రతి ఏడూ కొత్తగా విన్నట్టు నవ్వేవారు.

రెండేళ్ళ కిందటి చలికాలపు వేటలో చాచా అడవి అంచున నిలబడ్డారు. లోపల కుక్కలు జంతువులను తరుముతున్నాయి. ఒక నక్క ఆయన ముందునుంచి, చెయ్యి చాచితే అందేంత దగ్గరగా దాటిపోయింది. పక్క స్థానంలో ఉన్న నేనూ చూశాను, ఇంకా ఇద్దరు చూశారు. సూప్ దగ్గర ఆ ముసలాయన అడిగాడు, "దాన్ని కూడా వదిలేశావా? ఈసారి ఏం సాకు?"

చెప్పడానికి మర్యాదైన సాకులు చాలా ఉంటాయి. వెనక గుండును ఆపే మట్టి గట్టు లేదనవచ్చు, కుక్కలు దగ్గర్లో ఉన్నాయనవచ్చు. ఎవరూ మారు మాట అనరు. చాచా చేతిలోని గిన్నె కింద పెట్టారు.

"కనబడలేదు" అన్నారు జర్మన్‌లో. "ఎర్రగా ఏదో పోయింది. నక్కో మీ కుక్కో తెలియలేదు."

ఎవరూ నవ్వలేదు. ఆ ముసలాయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. పెద్దమ్మ చిన్న కుండలోంచి ఇంకొక గరిటె ఆయన గిన్నెలో పోసింది.

తర్వాతి వారం వేట ఆఫీసులో అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. నన్ను తోడు రమ్మన్నారు. కౌంటర్‌లో ఉన్నామె మంచిది. "ఇంకా గడువుంది కదా, ఇవ్వడం ఎందుకు? వాడకుండా ఉంచుకోండి, పరవాలేదు" అంది. చాచా నా వైపు తిరిగి తెలుగులో అన్నారు, "చెప్పు బేటీ ఆమెకు. ఉంటే మంచె ఎక్కుత. ఎక్కితే ఎత్తుత. ఎత్తితే ఏమైతదో." నేను జర్మన్‌లోకి మార్చి చెప్పాను. ఆమె సంతకానికి ఫారం ముందుకు జరిపింది. కొన్నాళ్ళకు ఆ తుపాకీ పద్ధతి ప్రకారం నా పేరు మీదికి మారింది.

అక్కడివరకు ఆయన నిబ్బరంగానే ఉన్నారు. మరుసటి ఏడాది వేటకు పెద్దమ్మ ఎప్పటిలాగే కబురు పంపింది. తుపాకీ లేకపోయినా రావచ్చు, జంతువులను తోలేవాళ్ళతో నడవవచ్చు. చాచా రానన్నారు.

"లైసెన్స్ లేనోడు ఆడ ఏం జేస్తడు? సూప్ తాగనీకి పోవాల్నా?"

"వాళ్ళు రమ్మంటున్నారు కదా చాచా."

"మర్యాదకు పిలుస్తరు. రిటైరైన దినం ఫ్యాక్టరీల కార్డు తీసుకున్నరు. తెల్లారి దోస్తును కలుద్దామని పోయిన. నేను రోజు పోయిన గేటే, తెరుసుకోలే. మనిషిని కాదు బేటీ, కార్డును గుర్తుపడ్తరు. ఇది గూడ అంతే. నేనిప్పుడు ఎవర్ని ఆడ? వేటగాన్నా? ఒక్క నక్కను కొట్టలే. లైసెన్స్ గూడ లేదు."

  ఒక్కదాన్నే వెళ్ళాను. పెద్దమ్మ ఒక సీసాలో సూప్ పోసి నా సంచిలో పెట్టింది. చాచా దాన్ని తాగి "ఉప్పు తక్కువైంది" అన్నారు. సీసా కడిగి, నిండా చాచీ బిస్కట్లు పెట్టి తిరిగి పంపారు. ఆ తర్వాత నేను ఎప్పుడు మంచె దిగి వచ్చినా వాళ్ళ తలుపు తెరిచే ఉండేది. ఏం చూశావని అడిగేవారు కాదు. గాలి ఎట్లుండె అని మొదలుపెట్టి అన్నీ రాబట్టేవారు. కానీ పొలాల వైపు మళ్ళీ రాలేదు. తోటకు కూడా వేరే దారిన వెళ్ళేవారు.

ఖననం వార్త పెద్దమ్మకు మెసేజ్ పెట్టాను. ఆవిడ ఒక్కతే వస్తుందనుకున్నాను.

శ్మశానంలో ముస్లింల భాగం అడవిని ఆనుకుని ఉంటుంది. చాచాను మోస్తున్న జనాజా లోపలికి వెళ్ళింది. ఆడవాళ్ళం కొంచెం దూరంగా నిలబడ్డాం. వెనక్కి చూస్తే గేటు దగ్గర ఆకుపచ్చ కోట్లు కనబడ్డాయి. అందరూ వచ్చారు. ఆ ముసలాయన కూడా. టోపీలు చేతుల్లో ఉన్నాయి, లోపలికి రావచ్చో లేదో తెలియక నిలబడ్డారు. కొందరి భుజాలకు ఇత్తడి బూరలు వేలాడుతున్నాయి.

పెద్దమ్మ నా దగ్గరికి వచ్చింది. వేటగాడు పోతే చివరగా బూరలు ఊదడం వాళ్ళ ఆచారం. "ఇక్కడ ఊదవచ్చా? తప్పయితే ఊదం. నువ్వు అడిగి చెప్పు."

అందరిలోనుంచి నడిచి వెళ్ళి మౌల్వీ సాబ్‌ను అడిగాను. నా గొంతు నాకే వినబడలేదు, రెండోసారి అడగాల్సి వచ్చింది. ఆయన గేటు వైపు చూశారు. "సమాధి దగ్గర వద్దు బేటీ. దుఆ అయినంక, గేటు బయట అయితే నాకేం అభ్యంతరం లేదు" అన్నారు. చాచీని కూడా అడిగాను. తల ఊపారు.

తిరిగి వచ్చి పెద్దమ్మకు చెప్పాను. చెప్పాక ఉండబట్టలేక, చాచా తరఫున ఆ ప్రశ్న కూడా నేనే అడిగాను. "ఆయన లైసెన్స్ తిరిగి ఇచ్చేశారు కదా. బూర వేటగాళ్ళకే కదా ఊదుతారు."

ఆవిడ బూరల వైపు చెయ్యి చూపింది. "లైసెన్స్ జిల్లా ఆఫీసుది. వాళ్ళు ఇస్తారు, తీసుకుంటారు" అంది. "ఇది మాది."

మట్టి వేశారు. మట్టి వేశారు. జనం మెల్లగా బయటికి వచ్చారు. గేటు బయట, బస్ స్టాపు పక్కన వాళ్ళు వరసగా నిలబడి బూరలు ఎత్తారు. ముసలాయనకు ఊపిరి మొదట అందలేదు. ఆగి మళ్ళీ ఎత్తుకున్నాడు. చిన్న పాటే, నిదానంగా వెళ్ళి అడవికి తగిలి కొంచెం ఆలస్యంగా వెనక్కి వచ్చింది. వెళ్ళిపోతున్న మౌల్వీ సాబ్ ఆగారు. బస్సు వచ్చింది, డ్రైవరు తలుపు తెరిచి ఇంజన్ ఆపేశాడు.

చాచీ నా చెయ్యి పట్టుకున్నారు. "ఏమంటున్నరు బేటీ అండ్ల?"

"వేట అయిపోయింది, మన మనిషి ఇంటికి పోతున్నాడు అంటున్నారు చాచీ."

"మన మనిషి అంటున్నరా?"

"అవును."

ఆవిడ దుపట్టా సరిచేసుకుని అటే చూస్తూ నిలబడ్డారు. పాట ముగిసింది. బూరలు దించారు. ఎవరూ కదలలేదు. ఆ చలిలో, చప్పుడు ఆగిపోయాక కూడా, ఇత్తడి నోళ్ళలోంచి వెచ్చటి ఊపిరి తెల్లగా బయటికి వస్తూనే ఉంది.